మీకు తెలుసా? నాటి పద్మావతే వకుళమాత!

తిరుమల వెంకన్న కథను దర్శకుడు పి. పుల్లయ్య రెండుసార్లు తెరకెక్కించారు, 1939లో ఒకసారి, 1960లో మరోసారి. మొదటి సినిమాలో పద్మావతి, రెండోదాంట్లో ఎన్టీఆర్ వెంకన్నకు తల్లిలాంటి వకుళమాత... రెండూ శాంతకుమారే! కడప జిల్లా ప్రొద్దుటూరులో 1920లో పుట్టిన ఆమె అసలు పేరు వెల్లాల సుబ్బమ్మ. పుల్లయ్య ఆమె భర్త.

శాస్త్రీయ సంగీతం, వయొలిన్ నేర్చుకున్న ఆమెను 1936 నాటి ‘మాయాబజార్’లో శశిరేఖ పాత్ర వరించింది. అప్పట్లో పాత్రధారులే పాడుకోవాలి, గొంతు లేకపోతే వేషం దొరకడం కష్టం. ప్లేబ్యాక్ వచ్చి తోటి తారలకు వేరే గాయనులు పాడుతున్న రోజుల్లోనూ వకుళమాత పాట శాంతకుమారి స్వయంగా పాడారు. కొడుకు కోసం ఎదురుచూసే ఆ తల్లి ఆర్తి తెచ్చిపెట్టుకున్నట్టు ఉండదు. ఆ ముఖం, ఆ గొంతు రెండూ ఒక్కరివే మరి.

ఇంకో ముచ్చట. ఆమె వేసిన శశిరేఖ 1957 నాటి ‘మాయాబజార్’లో, పద్మావతి 1960లో, రెండూ సావిత్రికే దక్కాయి. కథలో వెంకన్నకు పిల్లనడగడానికి పద్మావతి తండ్రి ఆకాశరాజు దగ్గరికి వెళ్లేది వకుళే. అంటే తొలి పద్మావతే కొత్త పద్మావతికి సంబంధం కుదిర్చిందన్నమాట!

తర్వాత అమ్మ పాత్రలకు ఆమె పెట్టింది పేరు. ఆ పాత్రల వెనుక ఇంత సంగీతం ఉందని చాలామందికి తెలియకపోవడం నిజంగా బాధే. ఆమె 2006లో కన్నుమూశారు.