తుపాకులు ఎక్కడివి? (రంప ఫితూరీ ఎలా జరిగింది)



అల్లూరి సీతారామరాజు గారి పేరు తెలియని వాళ్ళు మన హాస్టల్లో లేరు. ఆగస్టు పదిహేను వచ్చిందంటే ఎవరో ఒకరు కాషాయం కట్టి, విల్లు పట్టుకుని స్టేజీ ఎక్కుతారు. కానీ ఆ యుద్ధానికి తుపాకులు ఎక్కడి నుంచి వచ్చేయి, అన్నం ఎవరు పెట్టేరు, అంత జోరుగా మొదలైనది రెండేళ్ళకి ఎందుకు ఆగిపోయింది అని ఎవరైనా అడిగితే మనం బిక్కమొహం వేస్తాం. ఈ వ్యాసం ఆ ప్రశ్నల గురించే.

ముందుగా కారణం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు అన్నారు. పోడు కొట్టకూడదు, కట్టె తేకూడదు, పశువుల్ని తోలకూడదు. తాతముత్తాతల నుంచి తిరిగిన కొండలో మనవాళ్ళు దొంగలైపోయారు. ఫారెస్టు గార్డుకి కోడిపెట్ట ఇచ్చుకుంటే గాని పని జరిగేది కాదు. దీనికి తోడు గూడెంలో బాస్టియన్ అనే తహసీల్దారు ఉండేవాడు. ఘాట్ రోడ్లు వేయించడానికి కొండవాళ్ళని తోలుకెళ్ళి, చాలీచాలని కూలి ఇచ్చి, ఎదురు చెబితే కొట్టించేవాడు. గాం గంటం దొర గారికి బట్టిపనుకుల ఊరి పెత్తనం పోయింది ఈయన మూలంగానే. అందుచేత 1922 నాటికి నిప్పు రాజుకునే ఉంది. రాజు గారు వచ్చి ఊదారు. కోపం మాత్రం ఊళ్ళదే అని నా అభిప్రాయం.

అప్పటికి ఫితూరీ అనేది కొత్త మాట కూడా కాదు. 1879 మార్చిలో రంప దేశంలో పెద్ద ఫితూరీ జరిగింది. మనం తాగే కల్లు మీద పన్ను వేసి, కల్లు గీసే హక్కుని కాంట్రాక్టర్లకి పాడారు. మన్సబుదారు, పోలీసులు, షావుకార్లు ముగ్గురూ ఒకటై పీల్చేసేవారు. చంద్రయ్య, తమ్మన్న దొర, అంబుల రెడ్డి నాయకత్వంలో జనం తిరగబడ్డారు. మద్రాసు పటాలాలు, హైదరాబాదు కంటింజెంటు వస్తేగాని అణచలేకపోయారు. అణిచిన తరువాత ప్రభుత్వమే మన్సబుదారుని తీసేసి, ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. అంటే ఓడిపోయిన వాళ్ళు అడిగినదాంట్లో కొంత ఇవ్వక తప్పలేదు! ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఇక తుపాకుల సంగతి. కొండల్లో ఉన్నవి విల్లంబులు, బల్లేలు, కొద్దిగా వేట తుపాకులు. మందు కూరి, గుండు వేసి, ఒక్కసారి పేల్చి మళ్ళీ కూరుకోవాలి. అంతలో అవతలివాడు అయిదారుసార్లు పేలుస్తాడు. కొనడానికి డబ్బు లేదు, అమ్మేవాడూ లేడు. మరి ఉన్నదెక్కడ? పోలీసు స్టేషన్లలో! అందుకని అక్కడికే వెళ్ళారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. ఫోను, బస్సు లేని కాలంలో ఒక స్టేషను కబురు ఇంకో స్టేషనుకి అందేలోపు కొండదారిని నడిచి అక్కడికి చేరిపోయారు. మన దగ్గర రాజవొమ్మంగి నుంచి వచ్చిన వాళ్ళున్నారు కదా, ఆ కొండదారి ఎలాంటిదో వాళ్ళని అడగండి.

చింతపల్లిలో 11 తుపాకులు దొరికాయి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, 2,500 పైచిలుకు గుళ్ళు. కానిస్టేబుళ్ళని చంపలేదు. ఏమేమి పట్టుకెళ్తున్నారో స్టేషను పుస్తకంలో రాసి, రాజు గారు సంతకం పెట్టారు. దొంగతనం కాదు, యుద్ధం అని చెప్పడానికే కాబోలు. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న మొట్టడం వీరయ్య దొరని కూడా విడిపించారు.

ఇక్కడ మనం ఒక చిన్న లెక్క వేద్దాం. 2,500ని 26తో భాగిస్తే తుపాకీకి వంద గుళ్ళు కూడా రావు. వందసార్లు పేలిస్తే ఆ తుపాకి కర్రతో సమానం. అంచేత గుండు వృథా చెయ్యకుండా యుద్ధం చెయ్యాలి. ఎలా? దారి ఇరుకైన చోట, ఘాటీ మలుపులో, పైన బండల వెనక కూర్చుని కాచుకోవాలి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో అదే చేశారు. ముందు నడుస్తున్న మన దేశం పోలీసుల్ని పోనిచ్చేరు. వెనక వస్తున్న తెల్ల అధికారులు స్కాట్ కవర్డు, హైటర్ ఇద్దరినీ కొట్టారు. మిగిలినవాళ్ళు వెనక్కి తిరిగి పరుగు. ఎన్ని పుస్తకాలు చదివినా ఆ మలుపు ఎక్కడుందో తెల్లవాళ్ళకి తెలియదు. ఆవులు కాసే పిల్లాడికి తెలుసు.

అన్నం ఊళ్ళు పెట్టాయి. కబుర్లు ఊళ్ళే మోశాయి. పోలీసులు అడిగితే ‘మాకేం తెలీదు దొరా’ అనేవారు. దీన్ని యుద్ధం కాదంటామా? వండిన అవ్వల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

అయితే ప్రభుత్వం కూడా పాఠం నేర్చుకుంది. అక్టోబరు 15న అడ్డతీగల, 19న రంపచోడవరం స్టేషన్ల మీదకి వెళ్తే జనం హారతులు పట్టారు గాని ఆయుధాలు పెద్దగా దొరకలేదు. తరువాత మలబారు స్పెషల్ పోలీసుని దింపారు. వాళ్ళు కొండల్లో, అడవుల్లో కొట్లాటకి అలవాటుపడ్డ వాళ్ళు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర జరిగిన పోరులో మనవాళ్ళు చాలామంది పోయారు, తుపాకులూ పోయాయి. ఆపైన నాలుగు నెలలు చప్పుడు లేదు. 1923 ఏప్రిల్ 17న రాజు గారు అన్నవరంలో కనిపించారు. జనం కాళ్ళు కడిగారు. కాని గుళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?

సాంఘిక శాస్త్రంలో మనం అమెరికా స్వాతంత్ర్య యుద్ధం చదువుకుంటాం. వాళ్ళు కూడా ఇంగ్లీషు రాజు మీదే తిరగబడ్డారు. వాళ్ళు కూడా మొదట శత్రువు దగ్గరే లాక్కున్నారు. 1775లో టైకాండరోగా కోటని పట్టుకుని, అందులోని ఫిరంగుల్ని మంచులో ఎడ్లతో లాగించి బోస్టన్ తెచ్చారు. మరి వాళ్ళెందుకు గెలిచారు? వాళ్ళకి సముద్రం ఉంది, ఫ్రాన్సు ఉంది. తుపాకిమందు ఓడల్లో వచ్చింది. 1778లో ఫ్రాన్సు సంధి చేసుకుంది. 1781లో యార్క్‌టౌన్ దగ్గర ఫ్రెంచి ఓడలు సముద్రదారి మూసేస్తే కారన్‌వాలిస్ లొంగిపోయాడు. (తమాషా ఏమిటంటే, అక్కడ ఓడిన ఈ కారన్‌వాలిస్సే 1786లో గవర్నరు జనరలుగా మన దేశం వచ్చాడు. ఆయన పెట్టిన శాశ్వత జమీందారీ పద్ధతే 1802 నుంచి మన గోదావరి వైపు కూడా వచ్చింది.)

గూడెం కొండలకి రేవు లేదు, ఫ్రాన్సు లాంటి స్నేహితుడు లేడు. కింద మైదానంలో కాంగ్రెసు వాళ్ళది అహింసా మార్గం, అందుచేత వాళ్ళు దూరంగానే ఉండిపోయారు. మిగిలింది ఊళ్ళు పెట్టే అన్నం ఒక్కటే. ప్రభుత్వం చివరికి దాన్నే కొట్టింది. 1924 జనవరిలో అస్సాం రైఫిల్సు వచ్చారు. ఏప్రిల్లో రూథర్‌ఫర్డు అనే స్పెషల్ కమీషనరు వచ్చాడు. ఫితూరీదార్లకి గింజ పెట్టిన ఊరిని వదల్లేదు. పిల్లలున్న తల్లి ఎంతకాలమని ఓర్చుకుంటుంది? ఆ ఊళ్ళని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

1924 మే 7న మంప దగ్గర రాజు గారిని పట్టుకుని, కొయ్యూరులో చెట్టుకి కట్టి కాల్చేశారు. మేజర్ గుడాల్ చేయించాడు. కోర్టు లేదు, విచారణ లేదు. పారిపోబోతే కాల్చామని కాగితాల్లో రాసుకున్నారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. నెల తిరిగి జూన్ వచ్చేసరికి గంటం దొర గారు కూడా పోరాడుతూ పోయారు. కొన్ని వందలమంది కొండవాళ్ళని అణచడానికి ప్రభుత్వానికి నలభై లక్షల రూపాయల దాకా ఖర్చయిందని చెబుతారు.

గంటం దొర గారి తమ్ముడు మల్లు దొర 1923 సెప్టెంబరులో నడింపాలెంలో దొరికిపోయాడు. ఆయన్ని అండమాను పంపారు. ఆయన బతికి తిరిగి వచ్చాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికై ఢిల్లీ వెళ్ళి కూర్చున్నాడు. 2022లో జిల్లాకి సీతారామరాజు గారి పేరు పెట్టారు, సంతోషం. మల్లు దొర పేరు మన తరగతిలో ఎంతమందికి తెలుసో నేను అడిగి చూశాను. ఇద్దరు చేతులెత్తారు.

సెలవులకి ఇళ్ళకి వెళ్ళినప్పుడు ఫితూరీ కబుర్లు తెలిసిన ముసలివాళ్ళు మీ ఊళ్ళో ఉంటే అడిగి రాసుకు రండి. ఊరి పేరు, చెప్పినవాళ్ళు ఎవరి దగ్గర విన్నారో తప్పక రాయండి. వార్డెన్ గారు ఒప్పుకుంటే వచ్చే సంచిక మొత్తం వాటితోనే నింపుదాం. చార్టు పేపర్లు నాలుగు మిగిలాయి.