‘తిన్నావా?’ కాదు... ‘ఏం తిన్నావు?’ అని అడగండి

రాత్రి ఎనిమిదైతే మా అనుమసముద్రంపేటలో చాలా ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది. ‘‘తిన్నావా అమ్మా?’’ అవతలి నుంచి ‘‘ఆఁ, తిన్నాను నాన్నా’’ అని జవాబు. ‘‘సరే, జాగ్రత్త’’ అని ఫోన్‌ పెట్టేస్తారు. ఇంట్లోవాళ్లకు నిశ్చింత.

ఏఎస్‌ పేట అంటే బయటి ఊళ్లవాళ్లకు దర్గా గుర్తొస్తుంది. ఈ ప్రాంతంలో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేస్తున్న నాకు మాత్రం ఆదివారం సాయంత్రం ఆత్మకూరు వైపు వెళ్లే బస్సులు గుర్తొస్తాయి. ఉదయగిరి, వింజమూరు, మర్రిపాడు, ఆత్మకూరు... ఈ మెట్ట ఊళ్ల నుంచి ఎంతోమంది పిల్లలు చదువుల కోసం నెల్లూరుకో, తిరుపతికో, హైదరాబాద్‌కో వెళ్తుంటారు. చేతిలో పచ్చడి సీసా, భుజాన బట్టల సంచి, ఖాతాలో నాన్న వేసిన నెల డబ్బులు. ఆ డబ్బుల్లో తిండికి ఎంత వెళ్తోందన్నది చాలా ఇళ్లలో ఎవరూ అడగరు.

ఆ ప్రశ్న ఎందుకు అడగాలో నాకు ఒక అమ్మాయి నేర్పింది.

డిగ్రీ రెండో సంవత్సరం. నెల్లూరులో మరో ముగ్గురితో కలిసి గదిలో ఉంటుంది. కాలేజీలో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. కంగారుపడిన తండ్రి బయట పరీక్షలన్నీ చేయించాడు. తలకు స్కానింగ్‌ కూడా. అప్పటికే పద్నాలుగు వేలు ఖర్చయ్యాయి. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. ఆ కాగితాల కట్ట పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. ఆ అమ్మాయి కింది కనురెప్ప లోపలి భాగం తెల్లగా పాలిపోయి ఉంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్‌ 7.8. ఆడవాళ్లకు 12 ఉండాలి.

‘‘పొద్దున ఏం తింటావమ్మా?’’ అని అడిగాను. వాళ్ల నాన్న వైపు ఒకసారి చూసి తల దించుకుంది. ఆయన్ని కాసేపు బయట కూర్చోమన్నాక చెప్పింది. పొద్దున టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం అన్నంలో పచ్చడి. రాత్రి ఒక్కోరోజు నూడుల్స్‌, ఒక్కోరోజు అదీ లేదు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువ. ఇంటి నుంచి వచ్చే డబ్బుల్లో నెలకు పన్నెండు వందలు మిగుల్చుతోంది. కంప్యూటర్‌ కోర్సు ఫీజు నాన్నను అడగలేక!

అలా ఐదు నెలల్లో ఆరు వేలు దాచింది. ఇంట్లోవాళ్లు ఖర్చు పెట్టింది పద్నాలుగు వేలు. రెండు పరీక్షలు పోయాయి. పిల్లను తప్పుపట్టడానికి ఈ లెక్క చెప్పడం లేదు. ఇంటి కష్టం తెలిసిన మంచి పిల్లలే ఇలా చేస్తారు. అందుకే మనం జాగ్రత్తగా ఉండాలి.

నేనూ అదే తప్పు చేశాను. ఎంబీబీఎస్‌ చదివే రోజుల్లో మెస్‌ ఖర్చు తగ్గించుకుందామని బండ్ల దగ్గర తిని, ఎక్కడ పడితే అక్కడ నీళ్లు తాగి కామెర్లు తెచ్చుకున్నాను. ఎంత మిగిల్చానో ఇప్పుడు గుర్తులేదు. మంచం మీద పోయిన నెలన్నర మాత్రం బాగా గుర్తుంది.

కడుపు నిండితే చాలా?

ఆకలి తీరడం వేరు, ఒంటికి కావాల్సింది అందడం వేరు. అన్నంతో కడుపు నిండుతుంది. కానీ రక్తం పట్టాలంటే ఇనుము కావాలి. కండకు మాంసకృత్తులు కావాలి. పచ్చడి మెతుకుల్లో ఇవి దాదాపు ఉండవు. దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అబ్బాయిలకు రాదనుకోవద్దు. మగవాళ్లలోనూ నలుగురిలో ఒకరికి ఉంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన సూచనల్లో రోజుకు 2000 కేలరీల ఆహారం ఎలా ఉండాలో చెప్పింది. బియ్యం, గోధుమ, రాగి లాంటి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు-ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. ధాన్యాలు, పప్పుల కొలతలు వండకముందు తూచినవి.

ఇప్పుడు మీ పిల్లల హాస్టల్‌ కంచం ఊహించుకోండి. అన్నం కుప్పగా ఉంటుంది. పప్పు నీళ్లలా, కూర గరిటెడు. పండు కనిపించదు. హాస్టల్‌ వంట మన చేతిలో లేదు. ఆ కంచంలో లేనిదాన్ని పక్కన చేర్చడం మన చేతిలో ఉంది. అందుకు పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు.

రోజుకు ముప్పై రూపాయల లెక్క

ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి. ఇది సుమారు లెక్క. నెలకు ఒక విద్యార్థికి...

• రోజుకో కోడిగుడ్డు: రూ.210
• వేరుసెనగ గుళ్లు (మా వైపు చెనక్కాయలంటాం) కిలో, అంటే రోజుకు గుప్పెడు: రూ.150
• పెసలు లేదా శనగలు కిలో: రూ.110
• రోజుకో అరటిపండు లేదా జామకాయ: రూ.250
• వారానికి ఐదు రోజులు చిన్న పెరుగు ప్యాకెట్‌: రూ.200

మొత్తం రూ.920. రోజుకు ముప్పై రూపాయల చిల్లర. యాభై కిలోల బరువున్న విద్యార్థికి రోజుకు సుమారు 42 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో ఆరు, గుప్పెడు చెనక్కాయల్లో ఎనిమిది, ముప్పై గ్రాముల పెసల్లో ఏడు గ్రాముల దాకా ఉంటాయి. అంటే సగం ఇక్కడే వచ్చేసింది. మిగతా సగం రెండుపూటలా అన్నం, పప్పు, సాంబారు నుంచి వస్తుంది. గుడ్డు తినని ఇళ్లలో ఆ డబ్బుతో పెరుగు, శనగలు పెంచుకోవచ్చు. వేరుసెనగ పడనివాళ్లు మాత్రం దాని జోలికి పోకూడదు.

ఈ డబ్బు ఎక్కడి నుంచి తేవాలని అడగొచ్చు. సాయంత్రం రెండు టీలు, ఒక పఫ్‌, ఒక కూల్‌డ్రింక్‌కు అరవై రూపాయలవుతుంది. నెలలో ఇరవై రోజులైతే పన్నెండు వందలు. వెతికితే డబ్బు అక్కడే ఉంది.

పొయ్యి లేకపోయినా...

చాలా హాస్టళ్లలో వంటకు అనుమతి ఉండదు. అయినా చేసుకోదగ్గవి ఉన్నాయి. అటుకులు తడిపి పెరుగు, ఉల్లిపాయ, గుప్పెడు చెనక్కాయలు కలిపితే టిఫిన్‌ అయినట్టే. పుట్నాల పప్పు, బెల్లం ముక్క బ్యాగులో పడేసుకుంటే ఖాళీ పీరియడ్‌లో ఆకలి తీరుతుంది. రాత్రి నానబెట్టిన పెసలు పొద్దున నీళ్లు వంపి తడిగుడ్డలో కడితే మర్నాటికి మొలకలొస్తాయి. వాటి మీద నిమ్మకాయ పిండుకోండి. నిమ్మలోని సి-విటమిన్‌ వల్ల పప్పుల్లో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి బాగా పడుతుంది. నిమ్మతోటల జిల్లావాళ్లం, నిమ్మకాయకు కరవా! అయితే నీళ్లు శుభ్రంగా లేనిచోట, కడుపు త్వరగా పాడయ్యేవాళ్లు మొలకల్ని పచ్చిగా తినకపోవడమే మంచిది. ఉడికించుకునే వీలుంటేనే తినాలి.

చెనక్కాయలు గాలి చొరని డబ్బాలో పెట్టాలి. బూజు పట్టినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి పారేయాలి. బూజులో పుట్టే విషం కాలేయానికి హాని చేస్తుంది.

డబ్బు ఎక్కడ మిగుల్చుకోవచ్చు?

ఎనర్జీ డ్రింకులు: పరీక్షల సమయంలో వీటి వాడకం పెరుగుతుంది. వీటిలో ఉండేది ప్రధానంగా చక్కెర, కెఫీన్‌. శక్తి వచ్చినట్టు అనిపిస్తుంది, నిద్ర పోతుంది. మర్నాడు చదివింది గుర్తుండదు.

ప్రొటీన్‌ పొడులు: జిమ్‌కు వెళ్లే అబ్బాయిలు వేలు పోసి కొంటున్నారు. కండల కోసం ఇవి వాడొద్దని జాతీయ పోషకాహార సంస్థ స్పష్టంగా చెప్పింది. నాలుగు గుడ్లలో 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ముప్పై రూపాయల లోపు పని.

టీ, కాఫీ: పూర్తిగా మానక్కర్లేదు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత తాగకూడదు. తాగితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టదు. టిఫిన్‌ బదులు టీ తాగడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

మందులు: జలుబు చేయగానే మెడికల్‌ షాపులో యాంటీబయాటిక్‌ కొంటున్నారు. మామూలు జలుబు వైరస్‌ వల్ల వస్తుంది. దానిమీద యాంటీబయాటిక్‌ పనిచేయదు. డబ్బు దండగ. పైగా నిజంగా అవసరం పడ్డప్పుడు ఆ మందు పనిచేయకుండా పోవచ్చు. డాక్టర్‌ రాసిన మందులను జన ఔషధి కేంద్రాల్లో కొంటే ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. ఐరన్‌, ఫోలిక్‌ యాసిడ్‌ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే.

భోజనం: పట్టణాల్లోని అన్న క్యాంటీన్లలో పూటకు ఐదు రూపాయలకే తిండి దొరుకుతుంది. ప్రభుత్వ జూనియర్‌ కాలేజీల్లో 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. మధ్యతరగతి ఇళ్ల పిల్లలు అక్కడ వరుసలో నిలబడటానికి సిగ్గుపడుతుంటారు. ‘మా పరువేం కావాలి’ అని పెద్దవాళ్లు కూడా అనడం విన్నాను. వేడివేడి అన్నం, పప్పు తినడంలో పరువు తక్కువేమీ లేదు. పస్తుండి కళ్లు తిరిగి పడిపోవడం కంటే అది వెయ్యిరెట్లు మేలు.

ఎక్కడ కక్కుర్తి పడకూడదు?

మూడు విషయాల్లో పిసినారితనం వద్దు. మొదటిది పొద్దున టిఫిన్‌. ఉప్మా కావచ్చు, పెరుగన్నం కావచ్చు, రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసిన చద్దన్నమైనా కావచ్చు. ఏదో ఒకటి తినే గది దాటాలి. రెండోది నీళ్లు. కాచి చల్లార్చిన లేదా శుద్ధి చేసిన నీళ్లు సొంత సీసాలో పట్టుకెళ్లాలి. టైఫాయిడ్‌, కామెర్లు ఎక్కువగా నీళ్ల నుంచి, శుభ్రత లేని తిండి నుంచే వస్తాయి. మూడోది నిద్ర. ఏడు గంటల నిద్రకు పైసా ఖర్చు లేదు. రాత్రంతా మేలుకుని చదివి, దానికోసం మూడు టీలు, ఒక నూడుల్స్‌ గిన్నె కొనడంలో అటు డబ్బూ పోతుంది, ఇటు చదువూ పోతుంది.

ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు

మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, తరచూ కళ్లు తిరగడం, జుట్టు బాగా రాలడం, బియ్యం, సుద్ద, మట్టి లాంటివి తినాలనిపించడం, నెలసరిలో ఏడు రోజులకు మించి రక్తస్రావం... వీటిలో ఏది ఉన్నా ముందు హిమోగ్లోబిన్‌ పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు. ఏ పరీక్ష అవసరమో డాక్టర్‌ను అడిగాకే పెద్ద స్కానింగ్‌లకు వెళ్లండి. జ్వరం మూడు రోజులు దాటినా, కళ్లు పచ్చబడినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా గదిలోనే పడుకోకుండా ఆసుపత్రికి రావాలి. డబ్బు, చదువుల దిగులుతో తిండి సయించని పిల్లలు 14416 నంబరుకు ఫోన్‌ చేసి మాట్లాడవచ్చు. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌ ఉచిత సేవ.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లలు సెలవులకు వచ్చి వెళ్లేటప్పుడు సంచిలో పచ్చడి సీసా ఒక్కటే పెట్టొద్దు. అందులో ఉప్పు, నూనె తప్ప పెద్దగా బలం లేదు. మన మెట్ట చేలల్లో పండే వాటితోనే నువ్వుల ఉండలు, చెనక్కాయ ఉండలు, వేయించిన రాగిపిండి, పప్పుల పొడి, మునగాకు పొడి చేసి పంపండి. రాగుల్లో సున్నం పాలకంటే ఎక్కువ. వేడి నీళ్లు దొరికితే చాలు, రాగిజావ తయారవుతుంది.

డబ్బు పంపేటప్పుడు తిండికి వేరుగా, మిగతా వాటికి వేరుగా పంపండి. ‘తిండి డబ్బులు మిగల్చొద్దు, మిగిలితే పండ్లు కొనుక్కో’ అని నోరు తెరిచి చెప్పండి. ఫీజో, పుస్తకాలో కావాల్సివస్తే భయపడకుండా అడిగే చనువు ఇవ్వండి. ఆ చనువు లేకే కదా ఆ అమ్మాయి కడుపు మాడ్చుకుంది!

మూడు నెలలు ఐరన్‌ మాత్రలు, నులిపురుగుల మాత్ర, నెలసరి సమస్యకు చికిత్స, రోజూ గుడ్డు, చెనక్కాయలు, నిమ్మకాయ పిండిన పప్పు. మళ్లీ పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్‌ 11.6కు వచ్చింది. మాత్రలు ఇంకో మూడు నెలలు వాడమన్నాను. పోయిన రెండు పరీక్షలకూ మళ్లీ ఫీజు కట్టింది. ఈసారి నాన్నను అడిగే కట్టింది.

ఆయన ఇప్పుడు రాత్రి ఫోన్‌లో ‘‘తిన్నావా?’’ అని అడగడం మానేశాడు. ‘‘పొద్దున ఏం తిన్నావు, మధ్యాహ్నం ఏం తిన్నావు?’’ అని అడుగుతున్నాడు. జవాబు రావడానికి కాస్త తటపటాయిస్తే ఆ వారం తానే బస్సెక్కి వెళ్తున్నాడు. ఈ రాత్రి మీరూ అలా అడిగి చూడండి.

– వ్యాసకర్త ఎంబీబీఎస్‌, ఎండీ. ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడు