పదమూడో అంకె

అటక సర్దుతుంటే ట్రంకుపెట్టెలో స్టార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట సీడీ దొరికింది. 1999లో మా పెదనాన్నగారి అబ్బాయి అమెరికా నుంచి తెచ్చిచ్చాడు. సీడీ మీద ఒక్క గీత లేదు. పాడయిందల్లా డబ్బా వెనక అంటించిన చీటీ. ఆట ఎక్కించేటప్పుడు కొట్టాల్సిన పదమూడు అంకెల కీలో పన్నెండు చదవొస్తున్నాయి. ఐదోదానికి చెమ్మ తగిలి సిరా చెదిరిపోయింది. అడుగున చిన్న వంపు మాత్రం మిగిలింది. 3 కావచ్చు, 5 కావచ్చు, 9 కూడా కావచ్చు.

ఇంటర్ చదివే మా అమ్మాయి దాన్ని తిప్పి తిప్పి చూసి, "అప్పుడు మనింట్లో ఇంటర్నెట్టే లేదు కదా నాన్నా, మరి కీ సరైనదో కాదో కంప్యూటర్‌కి ఎలా తెలిసేది?" అని అడిగింది.

అమ్మిన కీలన్నిటి జాబితా సీడీలోనే ఉండేదని నేనూ చాన్నాళ్లు అనుకున్నాను. అలా పెడితే దొంగ చేతికి తాళాల గుత్తి ఇచ్చినట్టే. సీడీలో ఉన్నది జాబితా కాదు, ఒక లెక్క.

ఆ లెక్కకి తాతలాంటిది ఐబీఎమ్‌లో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంట్‌కి పెట్టిన పద్ధతి. మన బ్యాంకు కార్డు నంబరులో చివరి అంకె దాని ప్రకారం వచ్చేదే. ఆధార్‌లో పన్నెండో అంకెకి వాడేది వెర్‌హాఫ్ పద్ధతి. ఏదైనా సంగతి ఒకటే: ముందున్న అంకెలన్నీ కలిసి చివరి అంకెను తేలుస్తాయి. ఒక అంకె తప్పు కొడితే లెక్క కుదరదు. పొరపాటు పట్టుకోడానికి పుట్టిన ఈ ఉపాయాన్ని సాఫ్ట్‌వేర్ వాళ్లు తీసుకెళ్లి గుమ్మం దగ్గర కాపలాకి నిలబెట్టారు. విండోస్ 95 కాపలా మరీ అమాయకం. కీలో చివరి ఏడు అంకెల మొత్తం 7తో భాగింపబడితే లోపలికి రానిచ్చేది. ఏడు ఒకట్లు కొట్టినా సరే!

స్టార్‌క్రాఫ్ట్ లెక్క అంతకంటే ముచ్చటైనది. 1998లో వచ్చిన హాఫ్-లైఫ్ ఆట కీకీ ఇదే లెక్క. 3తో మొదలుపెట్టాలి. చేతిలో ఉన్న సంఖ్యను రెట్టింపు చేసి, కీలోని అంకెతో 'ఎక్స్‌ఆర్' చేసి, వచ్చినదాన్ని చేతిలో ఉన్నదానికే కలపాలి. పన్నెండు అంకెలకీ ఇలా చేశాక ఒకట్ల స్థానంలో ఏముంటే అదే పదమూడో అంకె.

ఎక్స్‌ఆర్ అంటే భయపడక్కర్లేదు. మేడమెట్ల దీపానికి కింద ఒకటి, పైన ఒకటి స్విచ్‌లుంటాయి. రెండూ ఒకే వైపుంటే దీపం ఆరుతుంది, చెరో వైపుంటే వెలుగుతుంది. ఎక్స్‌ఆర్ అదే. సంఖ్యల్ని 1, 2, 4, 8, 16 ఇలాంటి తూకపురాళ్లుగా విడగొట్టండి. రెండు సంఖ్యల్లోనూ ఉన్న రాయిని తీసెయ్యండి, ఒకదాంట్లోనే ఉన్నదాన్ని ఉంచండి.

కీ అంతా 3లే అనుకుని చూద్దాం. 3 రెట్టింపు 6. అంటే 4, 2. కీలోని 3 అంటే 2, 1. రెండింట్లోనూ ఉన్న 2 పోయింది. మిగిలిన 4, 1 కలిపితే 5. దాన్ని మొదటి 3కి కలిపితే 8. ఇలాగే పోతే 27, 80, 243, 728, 2187... ఎక్కడో చూసినట్టు లేదూ? అన్నీ మూడు తాలూకు ఘాతాలే, కాకపోతే విడిచి విడిచి ఒకటి తక్కువ. పన్నెండో అడుగులో 15,94,323 వస్తుంది. పదమూడు మూళ్లని హెచ్చిస్తే వచ్చే సంఖ్య అదే. ఒకట్ల స్థానంలో 3! అందుకే పదమూడు 3లు కొట్టినా ఆట ఎక్కేది. ఆ రోజుల్లో ఆడినవాళ్లలో చాలామందికి ఇది తెలుసు. ఎందుకు ఎక్కుతుందో కాగితం మీద చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఈ 3ల కీలోనే ఐదో అంకె చెరిగిందనుకోండి. ఆ చోట 0 నుంచి 9 దాకా పెట్టి చూస్తే చివరి అంకె వరసగా 2, 7, 8, 3, 4, 9, 0, 5, 8, 3 అని వస్తుంది. అంటే 3 పెట్టినా 9 పెట్టినా కాపలావాడు తలూపుతాడు. ఎందుకంటే ఆ అడుగులో రెట్టింపు 486. దాంట్లో చిన్న రాళ్ల వాటా 6. అది 3తో ఎక్స్‌ఆర్ అయితే 5, 9తో అయితే 15. తేడా సరిగ్గా పది. ఒకట్ల స్థానానికి పది తేడా కనబడదు.

నా చీటీ మీది అంకెలతో చేసినా చివరికి ఇద్దరే మిగిలారు. 3, 9. ఐదు తప్పుకుంది.

ఇంటర్నెట్‌లో ఇతరులతో ఆడించే బ్యాటిల్‌నెట్‌లోకి వెళ్లాలంటే మాత్రం ఈ లెక్క చాలేది కాదు. కీలోని అంకెల్ని ఆట ముందుగా తారుమారు చేసేది. అప్పుడు అందులోంచి ఏ ఆటో చెప్పే అంకెలు రెండు, వరస సంఖ్య ఏడు, రహస్యపు అంకెలు మూడు బయటపడేవి. ఆ రహస్యపు అంకెల్ని ఉన్నవున్నట్టు పంపేది కాదు, వెనక్కి విప్పలేని హాష్‌గా మార్చి పంపేది. అసలు జాబితా అక్కడ, సర్వర్‌లో ఉండేది. ఇంత కట్టడి చేసిన బ్లిజర్డే, అంటే స్టార్‌క్రాఫ్ట్ తయారు చేసిన కంపెనీయే, ఒక్క సీడీతో ఎనిమిది మంది కలిసి ఆడుకునేలా 'స్పాన్' ఏర్పాటు కూడా ఇచ్చింది. ఆ ఉదారత నాకిష్టం.

తర్వాత చాలా ఆటల్లో కాపలా సర్వర్లకు మారింది. సర్వర్ మూసేస్తే కొన్న ఆటా మూతపడేది. 2014లో గేమ్‌స్పై అనే ఆన్‌లైన్ ఆటల సేవ మూతపడ్డప్పుడు ఎన్నో ఆటలకి ఆన్‌లైన్ పోటీలు పోయాయి. సర్వర్‌తో పనిలేకపోయినా, నకళ్లు ఆపడానికి సేఫ్‌డిస్క్ అనే తాళం వేసిన సీడీలు విండోస్ 10లో తెరుచుకోవు, కీ చేతిలో ఉన్నా సరే. స్టార్‌క్రాఫ్ట్‌ని మాత్రం 2017 ఏప్రిల్‌లో బ్లిజర్డ్ ఉచితం చేసేసింది. నా లెక్కంతా అయ్యాక మా అమ్మాయి ఈ సంగతి ఫోన్‌లో చూపించింది.

అయినా పాత ఎక్స్‌పీ డెస్క్‌టాప్ దించి, సీడీ పెట్టి, 3 కొట్టాను. ఎక్కింది. తీసేసి 9 కొట్టాను. మళ్లీ ఎక్కింది. వంపు చూస్తే 9 అనేది మా అమ్మాయి పట్టు.