పాస్‌పోర్టు మీద ప్రార్థన చేసే ముందు

ఆదివారం ఆరాధన ముగిశాక బల్ల మీద పాస్‌పోర్టు పెట్టి "అయ్యగారూ, వీసా వచ్చింది, ప్రార్థన చేయండి" అని అడగడం మన సంఘాల్లో మామూలైపోయింది. నేనూ ఎన్నో పాస్‌పోర్టుల మీద చేతులుంచి ప్రార్థించాను. ప్రయాణం క్షేమంగా సాగాలని అడిగాను, మంచి యజమాని దొరకాలని అడిగాను. ఎంత అప్పు చేశావు, ఎంత వడ్డీకి తెచ్చావు అని మాత్రం చాలా ఏళ్లు ఎవరినీ అడగలేదు. అది నా తప్పే. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క వేసుకోవాలని ప్రభువు చెప్పిన మాట (లూకా 14:28) మీద ప్రసంగాలు చేశాను గానీ, ఆ లెక్కను గల్ఫ్ ప్రయాణానికి వేసి చూపలేదు. ఈ వారం ఆ పని చేద్దాం.

ఒక సహోదరునికి సౌదీలో నెలకు 1,200 రియాళ్ల జీతం అనుకోండి. గది కంపెనీది, తిండి తనది. రియాల్ 23 రూపాయలు అనుకుంటే జీతం 27,600. ఊళ్లో అందరికీ వినిపించేది ఈ అంకె ఒక్కటే. తిండికి 300 రియాళ్లు, ఫోనుకు 50, సబ్బులకూ మందులకూ చిల్లర ఖర్చులకూ 100 తీసేయండి. మిగిలేది 750 రియాళ్లు, అంటే 17,250 రూపాయలు. ఇక్కడ భార్యాపిల్లల ఇల్లు గడవడానికి 8,000. అప్పు తీర్చడానికి చేతిలో ఉండేది 9,250.

ఇప్పుడు అప్పు సంగతి. ఏజెంటుకు 1,20,000 కట్టాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకు 3,600 వడ్డీకే పోతుంది. మొదటి జీతం చేతికొచ్చి, ఇంటికి డబ్బు పంపేసరికి మూడు నెలలు పడుతుంది. ఈలోపు అప్పు 1,30,800 అవుతుంది. ఆ తర్వాత నెలనెలా 9,250 తప్పకుండా కడుతూ పోయినా అప్పు తీరడానికి దాదాపు 19 నెలలు. ముందు పోయిన మూడు నెలలు కలిపితే 22. కాంట్రాక్టు రెండేళ్లే. ఎడారిలో రెండేళ్లు కష్టపడి సొంతానికి సంపాదించింది రెండు నెలల డబ్బు! మధ్యలో జ్వరం వచ్చినా, ఒక నెల జీతం ఆగినా అదీ లేదు.

అదే మనిషి చట్టప్రకారం వెళితే? లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుని దగ్గర తీసుకోగల సర్వీసు చార్జీ 30,000 రూపాయలకు మించకూడదు. 18 శాతం జీఎస్‌టీతో 35,400. పాస్‌పోర్టు మామూలు రుసుము 1,500. మెడికల్, హైదరాబాదు తిరుగుళ్లు, బట్టలు, పెట్టె అన్నీ కలిపి మొత్తం 55,000 అయిందనుకుందాం. అది డ్వాక్రా సంఘం నుంచి రూపాయి వడ్డీకి తెస్తే, ఆ మూడు నెలలు కలుపుకున్నా పది నెలల్లో అప్పు తీరిపోతుంది. మిగతా 14 నెలల్లో ఇంటికి చేరేది దాదాపు 1,30,000. జీతం మారలేదు, కష్టం మారలేదు, మారింది బయలుదేరినప్పటి అప్పు ఒక్కటే.

అయితే డ్వాక్రా డబ్బు భార్య పేరు మీద ఉంటుంది, పూచీ సంఘంలోని అక్కాచెల్లెళ్లందరిదీ. భర్త అక్కడ ఇబ్బందిపడి వాయిదా తప్పితే ఇక్కడ మందిరంలో పక్కపక్కన కూర్చునే వాళ్ల మధ్య మాటలు ఆగిపోతాయి. కనుక ముందు ఆమెతో కూర్చుని లెక్క చూడాలి. చాలా ఇళ్లలో ఆమెకు చెప్పేది చివర్లో!

మన అడవి అంచు ఊళ్లకు ఇంకో చిక్కుంది. ఏజెన్సీలో 1/70 చట్టం వల్ల గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మడం చెల్లదు. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా పిల్లలకు వస్తుంది గాని, అమ్మడానికి, మరొకరి పేరున మార్చడానికి వీల్లేదు. అయినా తెల్లకాగితం మీద సంతకం పెట్టి, మూడేళ్లు పంట తిను అని చేను అప్పగించేవాళ్లున్నారు. ఆ కాగితానికి చట్టంలో విలువ లేదు, కాని చేను మాత్రం చేతిలో ఉండదు. ఇంట్లోవాళ్లు అదే చేలో కూలికి వెళ్తారు. తిరగలిని తాకట్టుగా తీసుకోవద్దని ద్వితీయోపదేశకాండం 24:6 అప్పిచ్చేవాడికే చెబుతుంది. రోజూ అన్నం పెట్టేదాన్ని కుదువ పెట్టకూడదని దాని అర్థం. మనకు ఆ తిరగలి చేనే.

కాగితాల విషయం కొంచెం చెప్పాలి. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ కోవలోకి వస్తుంది. వారు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఏజెంటు లైసెన్సు నంబరు సరిచూసుకోవచ్చు. మన ఊరికి వచ్చే సబ్ ఏజెంటుకు చాలాసార్లు ఏ లైసెన్సూ ఉండదు. అనుమతితో పాటే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు, ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, పైన పన్ను. "విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్చుకుందువు" అని ఎవరైనా అంటే, ఆ అనుమతి లేదు, కాంట్రాక్టు లేదు, జీతం ఎగ్గొడితే అడిగే దారి కూడా దాదాపు లేదు. ఈసీఆర్ పాస్‌పోర్టున్న 30 ఏళ్లలోపు స్త్రీలకు ఆ దేశాలకు అసలు అనుమతి ఇవ్వరు. ఆ పైబడినవారు ఇంటిపనికి వెళ్లాలన్నా ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. వయసు ఎక్కువ వేయించి పంపుతామనేవాడి దగ్గర కూర్చోనే వద్దు.

ఆ ప్రభుత్వ సంస్థ ఏదన్నది మీ ఊరు ఏ రాష్ట్రంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. భద్రాచలం వాళ్లకు తెలంగాణ వారి టామ్‌కామ్. 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిన కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు వైపు వాళ్లకు ఓంక్యాప్. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల సాయం తెలంగాణ వారికే. సంతకు, ఆసుపత్రికి, ఆరాధనకు భద్రాచలం వచ్చినంత మాత్రాన ఆధార్‌లో ఊరు మారదు. ఏటపాక అయితే భద్రాచలానికి ఆనుకునే ఉంటుంది, కాని రాష్ట్రం వేరు. ఈ తేడా బయలుదేరక ముందే తెలుసుకోండి, శవపేటిక వచ్చిన రోజున కాదు.

కరవు వచ్చినప్పుడు నయోమి కుటుంబం మోయాబుకు వెళ్లింది. వెళ్లడం పాపమని నేననను. మిరప కోతలూ తునికాకూ అయిపోయాక ఏడాదిలో ఎన్ని నెలలు పని ఉంటుందో నాకు తెలుసు. నేనిప్పుడు చేస్తున్నదల్లా ఒకటే. పాస్‌పోర్టు పక్కన ఒక తెల్లకాగితం పెట్టమంటున్నాను. జీతం ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఏజెంటు లైసెన్సు నంబరు ఎంత, ఈ నాలుగూ భార్యాభర్తలిద్దరూ కలిసి రాయాలి.

మొన్న ఒక తమ్ముడు ఆ కాగితం తెచ్చాడు. మూడు లెక్కలూ చక్కగా అతని భార్య రాసింది. నాలుగోది ఖాళీ. ఏజెంటును అడిగితే రేపు చెబుతానన్నాడట. మూడు వారాలైంది. పాస్‌పోర్టు ఇంకా వాళ్లింటి బీరువాలోనే ఉంది.