బందరు కోట – మన చికాకోలు సర్కారు



మన ఊరి పేరులోనే ‘కోట’ ఉన్నది. అయితే మన ప్రాంతపు భవితవ్యాన్ని నిర్ణయించిన కోట ఇక్కడ లేదు. అది కృష్ణా జిల్లాలో, మచిలీపట్నం రేవు చెంత, చిత్తడి నేలల నడుమ శిథిలమై నిలిచి ఉన్నది. అదే బందరు కోట.

గోల్కొండ కుతుబ్‌షాహీ సుల్తానుల పాలనలో మచిలీపట్నం తూర్పు తీరాన ప్రముఖమైన రేవు. కలంకారీ వస్త్రాలు ఇక్కడి నుండి పారశీక దేశానికి ఎగుమతి అయ్యేవి. 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తకస్థావరం నెలకొల్పారు. 1750లో రేవు ఫ్రెంచివారి వశమైంది. 1753లో సలాబత్ జంగ్ వారికి ఉత్తర సర్కారులను అప్పగించాడు. వాటిలో మన చికాకోలు, అనగా శ్రీకాకుళం సర్కారు ఒకటి. ఆ అధికారానికంతటికీ బందరు కోటయే ఆయువుపట్టు.

ఆ కోటకు గోడల కంటె నీరే పెద్ద రక్షణ. ఒకవైపు సముద్రపు పాయ, తక్కిన దిక్కుల చిత్తడి. పోటు వేళ అది దీవిని తలపించేది. పట్టణానికి పోవడానికి చిత్తడి మీదుగా కట్టబాట ఒక్కటే దారి.

1758 డిసెంబరులో చందుర్తి వద్ద కర్నల్ ఫోర్డ్, విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు తోడ్పాటుతో ఫ్రెంచివారిని ఓడించి, పిదప బందరు కోటను ముట్టడించాడు. మందుగుండు తరిగిపోతున్నది, వెనుక నుండి సలాబత్ జంగ్ సేన సమీపిస్తున్నది. 1759 ఏప్రిల్ 7 అర్ధరాత్రి, ఆటు వేళ చూసి, ఆంగ్ల సేన బురదలో దిగి కోటపై పడింది. తెల్లవారేసరికి కోట లొంగిపోయింది. శత్రువు రాలేడనుకున్న చిత్తడి నుండే శత్రువు వచ్చాడు! 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానాతో, 1766లో నిజాముతో కుదిరిన సంధితో మన సర్కారు కంపెనీ ఏలుబడిలోకి పోవడానికి ఆ రాత్రియే నాంది.

కోటను చివరకు పాడుపెట్టినది ఫిరంగి కాదు, సముద్రమే. 1864 నవంబరు 1 నాటి తుపానులో ఉప్పెన పొంగి సుమారు 30,000 మంది ప్రాణాలు కోల్పోయారు. 1865లో సైన్యాన్ని అక్కడి నుండి ఉపసంహరించారు. కాపాడిన నీరే కాటువేసింది.

మన కళింగపట్నం, బారువ రేవులు కూడా ఒకనాడు ఓడలతో కళకళలాడినవే. వాటి కథ చెప్పగల పెద్దలు మన ఇండ్లలో ఉండగానే విని, వ్రాసి ఉంచండి. రాళ్ళు కూలినా మాట మిగిలితే చరిత్ర మిగులుతుంది. మాట కూడా పోతే మిగిలేది మట్టిదిబ్బ మాత్రమే.