తల వాల్చిన శునకం: చెవి వ్యాధి, దేహ సమతుల్యత, చికిత్సాక్రమం

ఉపోద్ఘాతం

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ రాళ్లగుట్టల నడుమ బహుళ అంతస్తుల నివాసాలు పెరిగాయి. వాటిలో మనుషులతోపాటు పెంపుడు శునకాలూ స్థిరపడ్డాయి. 2018లో కొండాపూర్‌లో మహానగరపాలక సంస్థ శునకాలకే ప్రత్యేకించి ఒక ఉద్యానవనం తెరవడం ఈ మార్పుకు నిదర్శనం. అటువంటి ఇంట ఒక ఉదయాన్ని ఊహిద్దాం. పన్నెండేళ్ల లాబ్రడార్ లేవబోయి ఒక పక్కకు కూలుతుంది. తల వాలిపోతుంది, కనుగుడ్లు ఆగకుండా ఊగుతాయి, వాంతి అవుతుంది. ఇంటివారు దాన్ని పక్షవాతమనుకుంటారు. ముసలి ప్రాణం కనుక ఆ పూటే కారుణ్యమరణం మాట కూడా రావచ్చు. ఆ నిర్ణయానికి ముందు తేల్చవలసినది లోపం చెవిలో ఉన్నదా, మెదడులో ఉన్నదా అన్నది. చికిత్స అంతా ఈ విచక్షణ మీదే ఆధారపడుతుంది.

చెవి నిర్మాణం – వ్యాధి మూలం

మనిషి చెవినాళం దాదాపు తిన్నగా లోపలికి పోతుంది. శునకంలో అది ముందు కిందికి దిగి, తరువాత కర్ణభేరి వైపు మలుపు తిరుగుతుంది. కాబట్టి గుబిలి గానీ స్నానపు నీరు గానీ సులభంగా బయటికి రావు. లాబ్రడార్, కాకర్ స్పానియల్ వంటి జాతులలో వేలాడే చెవులు గాలిని కూడా అడ్డుకుంటాయి. వానాకాలపు తేమ దీనికి తోడవుతుంది. అయితే తేమ సహకారి మాత్రమే. పదేపదే తిరగబెట్టే చెవి వ్యాధికి మూలం చాలా సందర్భాలలో చర్మపు అలర్జీ. దాన్ని పట్టించుకోకుండా చెవికి మాత్రమే వైద్యం చేస్తే వ్యాధి మళ్లీ వస్తుంది.

మలసీజియా అనే ఈస్ట్ పెరిగినప్పుడు సాధారణంగా గోధుమరంగు జిడ్డు, ఘాటైన వాసన ఉంటాయి. సూడోమోనాస్ వంటి బాక్టీరియా చేరితే చీము కారుతుంది. కానీ రంగును, వాసనను నమ్మి మందు రాయడం సరికాదు. దూదిపుల్లతో తీసిన స్రావానికి రంజనం చేసి సూక్ష్మదర్శినిలో చూస్తే కొద్ది నిమిషాలలోనే ఈస్టా, బాక్టీరియానా అన్నది తెలుస్తుంది. ఇంత చవకైన పరీక్షను దాటవేయడానికి సమర్థన లేదు.

సమతుల్యత ఎలా తప్పుతుంది?

లోపలి చెవిలోని మూడు అర్ధవృత్తాకార కుల్యలు తల కదలికను గుర్తిస్తాయి. తల నిశ్చలంగా ఉన్నప్పుడు కూడా రెండు చెవుల నుండి మెదడుకు సమాన సంకేతాలు వెళుతూనే ఉంటాయి. ఎడమచెవి దెబ్బతిని మౌనం వహిస్తే, కుడిచెవి సంకేతమే మిగిలి, తల కుడివైపు తిరుగుతున్నదని మెదడు భ్రమపడుతుంది. కళ్లు మెల్లగా ఎడమకు జారి, చటుక్కున కుడికి వస్తాయి. శరీరం ఎడమకు ఒరుగుతుంది. చెవిలోకి చల్లని నీరు పంపినప్పుడు రోగులకు తల తిరగడాన్ని గమనించి, కుల్యల పనితీరును వివరించిన వియన్నా వైద్యుడు రాబర్ట్ బారనీకి 1914 నోబెల్ బహుమతి లభించింది. శునకం చెవి కడిగే ద్రవాన్ని గోరువెచ్చగా చేసుకోవాలనడానికి కారణం ఇదే.

లోపం చెవిలో ఉంటే శునకం తూలుతున్నా స్పృహతో ఉంటుంది, పిలిస్తే స్పందిస్తుంది. పాదాన్ని మడిచి నేలకు ఆనిస్తే వెంటనే సరిచేసుకుంటుంది. అదే వైపు ముఖం జారినా, కనుపాప చిన్నదైనా మధ్యచెవిని అనుమానించాలి. కనుగుడ్లు పైకీ కిందికీ ఊగడం, మగత, మడిచిన పాదం అలాగే ఉండిపోవడం మెదడు లోపాన్ని సూచిస్తాయి. ఇక్కడ ఒక ప్రశ్న మరువరాదు: ఇటీవల విరేచనాలకు మెట్రోనిడజోల్ వాడారా? అధిక మోతాదులో ఆ మందే ఈ లక్షణాలు కలిగించగలదు. దాన్ని ఆపితే సాధారణంగా కోలుకుంటుంది.

చికిత్స

మన ఇళ్లలో చెవి పోటుకు గోరువెచ్చని నూనె పోయడం పాత అలవాటు. కర్ణభేరి చిరిగి ఉంటే శునకానికి అది హాని చేయవచ్చు. జెంటామైసిన్ చుక్కలు, క్లోర్‌హెక్సిడిన్ ద్రవం మరింత ప్రమాదం. అవి లోపలి చెవిని చేరితే శాశ్వత చెవుడు రావచ్చు. కనుక కర్ణభేరిని చూసిన తరువాతే మందు వేయాలి. చూడడం సాధ్యం కాకపోతే సెలైన్‌తో కడగడమే క్షేమం. మధ్యచెవికి చీము పడితే కల్చర్ పరీక్ష ఆధారంగా ఎంచిన యాంటిబయాటిక్‌ను వారాల తరబడి, తరచుగా ఆరు నుండి ఎనిమిది వారాలు, ఇవ్వవలసి వస్తుంది. వాసన తగ్గిందని వారానికే ఆపేయడం వల్లనే మొండి బాక్టీరియా మిగులుతుంది. నాళం గట్టిపడి మూసుకుపోతే శస్త్రచికిత్స తప్పదు. ఇటువంటి జటిల సందర్భాలలో రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల వంటి బోధనాసంస్థల నిపుణులను సంప్రదించవచ్చు.

మొదట చెప్పిన ముసలి లాబ్రడార్‌కు చెవిలో చీము లేక, మెదడు లోపపు లక్షణాలూ లేకపోతే అది కారణం తెలియని వృద్ధాప్యపు తూలుడు కావచ్చు. దానికి ప్రత్యేక ఔషధం లేదు. స్టెరాయిడ్ల వల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు. వాంతి తగ్గించే మందు, అవసరమైతే సెలైన్, చేతితో తినిపించడం చాలు. సాధారణంగా మూడు రోజులలో మెరుగుదల మొదలై, రెండు మూడు వారాలలో నడక కుదుటపడుతుంది. తల కొంచెం వాలినట్టు మిగిలిపోవచ్చు. దానితో ఇబ్బంది లేదు. ఈలోగా నున్నని టైల్స్ మీద చాపలు పరచాలి, బాల్కనీ తలుపు వేసి ఉంచాలి. చీకటిలో తూలుడు ఎక్కువ కనుక రాత్రి ఒక చిన్న దీపం వెలగనివ్వాలి.