రాజ్యం పోయిన రాజుకు మూడవ దారి

‘తఖ్త్ యా తఖ్తా’ అని ఉర్దూలో ఒక నానుడి ఉన్నది. గెలిచినవానికి సింహాసనం, ఓడినవానికి శవాన్ని మోసే బల్ల అని దాని భావం. మొగలు రాకుమారులు వారసత్వం కోసం ఒకరితో ఒకరు పోరాడిన రోజులకు ఈ మాట చక్కగా అన్వయిస్తుంది. కాని ప్రపంచ చరిత్రను పరికిస్తే ఈ రెంటికీ నడుమ మూడవ దారి ఒకటి కనిపిస్తుంది. అది ప్రవాసం. ఆ దారి దొరికిన రాజవంశాలు కొన్ని. చేతికి అందినట్లే అంది జారిపోయినవి కొన్ని. రష్యా చక్రవర్తి రెండవ నికొలాస్ కుటుంబం ఈ రెండవ కోవకు చెందినది. ఆ కుటుంబం తప్పించుకొని ఉంటే ఏమై ఉండేది?

జరగని చరిత్రను గురించి ఆలోచించడం వట్టి కాలక్షేపమని కొందరు కొట్టివేస్తారు. నియమం లేని ఊహ కాలక్షేపమే. అయితే రెండు నియమాలకు లోబడినప్పుడు అదే ఊహ ఏ కారణానికి ఎంత బలమున్నదో తూచి చూసే త్రాసు అవుతుంది. మనం మార్చే సంఘటన ఒక్కటే కావాలన్నది మొదటి నియమం. అది ఆనాడు నిజంగా జరగడానికి వీలున్నదై ఉండాలన్నది రెండవది. ముందు జరిగినదానిని చూద్దాము.

1613 నుండి రష్యాను ఏలిన రొమనోవ్ వంశం 1917 మార్చిలో కూలిపోయింది. రాజధాని పెట్రోగ్రాడ్‌లో రొట్టె కోసం చెలరేగిన అలజడిలో సైనికులు కూడ కలిసిపోగా, మార్చి 15న నికొలాస్ తన తరఫునా, రక్తం గడ్డకట్టని వ్యాధితో బాధపడుతున్న పన్నెండేండ్ల కుమారుడు అలెక్సీ తరఫునా సింహాసనాన్ని వదులుకొన్నాడు. తాత్కాలిక ప్రభుత్వం ఆ కుటుంబాన్ని జార్‌స్కోయె సెలోలోని రాజప్రాసాదంలో నిర్బంధించింది. విదేశాంగ మంత్రి మిల్యుకోవ్ వారికి ఆశ్రయమిమ్మని బ్రిటన్‌ను కోరాడు. మార్చి 22న బ్రిటిష్ ప్రభుత్వం అంగీకరించింది. ఆ దేశపు రాజు ఐదవ జార్జి, నికొలాస్ అక్కచెల్లెండ్ర బిడ్డలు. ఇద్దరి రూపురేఖలు కవలలేమో అనిపించేటంతగా కలిసేవి. ఉత్తరాన ముర్మాన్‌స్క్ రేవు నుండి ఓడ బయలుదేరడమే తరువాయి అన్నట్లుండెను.

ఆ ప్రయాణం జరగలేదు. కొద్దిరోజులలోనే జార్జి మనసు మారింది. రష్యా విప్లవాన్ని హర్షిస్తున్న బ్రిటిష్ కార్మికులు జార్ రాకను సహించరనీ, ఆ ద్వేషం తన సింహాసనానికి అంటుకొంటుందనీ ఆయన భయపడ్డాడు. చక్రవర్తిని జర్మనీలో పుట్టిన స్త్రీ కావడం ఆ యుద్ధకాలంలో మరొక చిక్కు. రాజుగారి ఆంతరంగిక కార్యదర్శి స్టామ్‌ఫర్డామ్ విదేశాంగ మంత్రి బాల్ఫోర్‌కు లేఖల మీద లేఖలు వ్రాశాడు. ఏప్రిల్‌లో ఆహ్వానం మూలబడింది. ఈ నింద చిరకాలం ప్రధానమంత్రి లాయడ్ జార్జి మీదనే ఉండిపోయింది. 1983లో కెనెత్ రోజ్ వ్రాసిన జార్జి జీవిత చరిత్రతో రాజుగారి పాత్ర లోకానికి బాగా తెలిసివచ్చింది.

అయితే దోషమంతా ఒక్కరి నెత్తిన వేయడం న్యాయం కాదు. అప్పుడు జార్ పిల్లలు పొంగు జ్వరంతో మంచం పట్టి ఉన్నారు. పెట్రోగ్రాడ్ కార్మిక సైనిక సోవియట్ వారిని కదలనీయరాదని పట్టుబట్టింది. రైలు మార్గాల మీద ఆ సోవియట్ మాటే చెల్లుతున్నది. అంటే ద్వారానికి లోపలి గడియ ఒకటి, వెలుపలి గడియ ఒకటి. జార్జి వేసినది వెలుపలిది. 1917 ఆగస్టులో ఆ కుటుంబాన్ని సైబీరియాలోని తొబోల్‌స్క్‌కు, మరుసటి వసంతంలో ఎకతెరిన్‌బర్గ్‌కు తరలించారు. 1918 జులై 16, 17 తేదీల నడిమి రాత్రి తల్లిదండ్రులను, నలుగురు కుమార్తెలను, కుమారుని, వైద్యుడు బోట్కిన్‌తో సహా నలుగురు పరిచారకులను కాల్చి చంపారు. మొత్తం పదకొండుగురు.

ఇప్పుడు ఒక్కటే మార్చుదాము: రెండు గడియలూ తీసుకొని, రైలు ముర్మాన్‌స్క్ చేరినదనుకొందాము. రష్యా గతి మారేదా? మారి ఉండదనే చెప్పాలి. బోల్షివిక్కులు గెలిచినది శాంతి, భూమి, రొట్టె అన్న సమస్యల మీద. జార్ లండన్‌లో ఉన్నా ఆ సమస్యలు రష్యాలోనే ఉండేవి. వారితో పోరాడిన శ్వేత సేనానులకు జార్‌ను తిరిగి నిలబెట్టాలన్న ఏకాభిప్రాయమే లేదు. మరి జార్జి సింహాసనం? 1919 ఏప్రిల్‌లో ఆయనే మార్ల్‌బరో అనే యుద్ధనౌకను పంపి, నికొలాస్ తల్లి, తన పినతల్లి అయిన మరియా ఫ్యొదరొవ్నాను క్రిమియా నుండి తప్పించాడు. బ్రిటన్‌లో ఏ ఉపద్రవమూ రాలేదు. వృద్ధ వితంతువు వేరు, పదవీచ్యుతుడైన జార్ వేరు; అయినా ఆ భయం కొంత మితిమీరినదని ఊహించవచ్చును.

మారేది ఆ పదకొండు ప్రాణాల కథ. నేనే అనస్తాసియానని చెప్పుకొని దశాబ్దాలు లోకాన్ని భ్రమింపజేసిన స్త్రీకి అవకాశమే ఉండేది కాదు. 2000లో రష్యా చర్చి ఆ కుటుంబాన్ని పునీతుల కోవలో చేర్చింది. ప్రవాసంలో ముసలివాడై మరణించి ఉంటే నికొలాస్‌ను రాజ్యం పోగొట్టుకొన్న అసమర్థ పాలకునిగానే స్మరించేవారేమో. సింహాసనం ఇవ్వని గౌరవాన్ని ఆయనకు మరణమిచ్చింది.

ప్రవాస జీవితం ఎట్లుండేదో తెలియడానికి ఊహ అక్కరలేదు. హైదరాబాదుతో ముడిపడిన ఒక ఉదాహరణ ఉన్నది. 1924 మార్చి 3న టర్కీలో ఖిలాఫత్ రద్దయినది. చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్‌ను కుటుంబంతో సహా తెల్లవారకముందే దోల్మాబాచె ప్రాసాదం నుండి తీసికొనిపోయి, రైలులో దేశం దాటించారు. స్విట్జర్లాండు మీదుగా ఫ్రాన్సులోని నీస్ చేరిన ఆయనకు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భరణమిచ్చి ఆదుకొన్నాడు. 1931లో నీస్‌లోనే ఖలీఫా కుమార్తె దుర్రు షెహ్వార్‌కు ఆజం జాతోను, ఆ వంశానికే చెందిన నీలోఫర్‌కు ముఅజ్జం జాతోను వివాహాలు జరిగాయి.

ప్రవాసం సుఖమని దీని అర్థం కాదు. ఖలీఫా మళ్ళీ స్వదేశాన్ని చూడలేదు. 1944లో పారిస్‌లో మరణించగా, పదేండ్ల తరువాత గాని మదీనాలో ఆయన దేహానికి మట్టి దొరకలేదు. ఆ వంశపు పురుషులకు టర్కీలో అడుగుపెట్టే అనుమతి 1974 దాకా రాలేదు. కాని ప్రాణమున్నచోట పనికి చోటుంటుంది. పదేండ్ల ప్రాయంలో ఇల్లు వదలిన ఆ బాలిక పేర పురానీ హవేలీలోను, నీలోఫర్ పేర రెడ్ హిల్స్‌లోను పిల్లల ఆసుపత్రులు నిలిచి ఉన్నాయి.

విద్యార్థి మిత్రులారా! జార్ పాలనలో జరిగిన అన్యాయాలను ఎవరూ కాదనలేరు. కాని ఆ పిల్లలు ఎవరినీ పాలించలేదు. వారికి ద్వారం మూసినది కత్తి ఒక్కటే కాదు; మర్యాదగా వ్రాసిన కొన్ని ఉత్తరాలు కూడ. ఆశ్రయం కోరి వచ్చినవారి వలన రాగల కష్టాన్ని లెక్కవేయడం తేలిక. వారు బ్రతికితే రేపు ఎవరికి పనికివస్తారో ఏ లెక్కకూ అందదు. జ్వరపడిన బిడ్డను భుజాన వేసికొని నీలోఫర్ ఆసుపత్రి మెట్లెక్కే తల్లికి ఆ పేరు వెనుకనున్న ప్రవాసం తెలియకపోవచ్చును. తెలుసుకొనడం చదువుకొన్న మన వంతు.